అమ్మమ్మ వంతు కషాయం

నిన్న ఏషియన్ షాపులో కొన్న చైనా మూలికల పొట్లం విప్పి స్టౌ మీద మరగబెట్టాను. తడి బెరడూ మాడిన బెల్లమూ కలిసినట్టుండే ఆ వాసన వంటగదిలోంచి హాల్లోకి పాకగానే మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను.

అప్పుడూ జర్మనీలో ఈ డార్మ్‌స్టాట్‌లోనే ఉండేవాళ్లం. తాతయ్య పోయాక అమ్మమ్మ మా దగ్గరికే వచ్చేసింది. అక్టోబరులో చెట్ల కింద రాలిన చెస్ట్‌నట్ కాయలు నేను ఒళ్లో పోసుకొస్తే వాటినే పావులు చేసి నాతో అష్టాచెమ్మా ఆడేది, దసరాకి సున్నుండలు చుడుతూ సగం పిండి నా నోట్లోనే పెట్టేది, ఆటలో ఓడితే మాత్రం తప్పంతా గవ్వలదే అనేది. అలాంటి మనిషి ఆ ఏడు, పండబోయే పావుని చేత్తో పట్టుకుని "ఇది నీదా, నాదా?" అనడం మొదలుపెట్టింది.

కింది ఇంటి చైనా ఆంటీ, తన తల్లికి వాడిన మందేనని, మతి పోకుండా కాపాడుతుందని మూలికలిచ్చింది. మూడు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసుకి ఇగిరేదాకా అమ్మ పొద్దున్నే కాచి, నేను స్కూలు నుంచి రాగానే తాగించమని నాకు అప్పగించి పనికి వెళ్లేది. "ఇది మందా, యముడి తీర్థమా!" అని అమ్మమ్మ గుక్కగుక్కకీ గోల చేసేది. అరగంట పట్టేది. కింద నా స్నేహితులు సైకిళ్లేసుకుని పేరు పెట్టి అరుస్తుండేవారు. ఒకరోజు సింకులో ఒంపేశాను. మర్నాడూ ఒంపేశాను. ఆ తర్వాత అదే అలవాటైంది.

సాయంత్రం అమ్మ అడిగేది, "మందు తాగావా అమ్మా?"

అమ్మమ్మ నా వైపు చూసేది. నేను తలూపేదాన్ని.

"తాగే ఉంటాలేవే. పిల్ల చెబుతోందిగా."

మతిమరుపు మందుని ఆ మతిమరుపునే అడ్డం పెట్టుకుని పారబోశాను, ఛీ! చెస్ట్‌నట్లు మళ్లీ రాలేసరికి అమ్మమ్మ నన్ను "ఎవరమ్మాయివే నువ్వు?" అంది. ఆ కషాయం పనిచేసేదో లేదో ఏ డాక్టరూ నాకు తేల్చి చెప్పలేదు. పనిచేయదని ఒక్కరైనా గట్టిగా అంటారేమోనని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. చైనా ఆంటీ ఎక్కడుందో తెలియదు, గవ్వలు ఏ ఇల్లు మారినప్పుడు పోయాయో అదీ తెలియదు. అమ్మకి మరుపు మొదలైంది. ఈ పొట్లం కొన్నది నమ్మకంతో కాదు, భయంతో.

కషాయం గ్లాసులో పోసి, అమ్మకి తాగించమని మా అమ్మాయికిచ్చి, అపాయింట్‌మెంట్ ఉంటే వెళ్లొచ్చాను.

"అమ్మమ్మ తాగిందా?" అని దాన్ని అడిగాను.

"యా, యా," అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా.

అమ్మ నవ్వింది. "తాగే ఉంటాలేవే."

చెప్పులైనా విప్పకుండా వెళ్లి సింకులోకి వంగి చూశాను. అడుగున గోధుమరంగు చార, అదే వాసన. మా అమ్మాయిని కేకలేయకుండా, మిగిలిన మూలికలు మళ్లీ స్టౌ మీద పెట్టాను.