గోడ పట్టుకుని టీకొట్టు దాకా

మా వదిన గురించి రాయగలవాళ్లు వీధిలో చాలామంది ఉన్నారు. మొదటినుంచీ చూసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఊరి బడిలో ఐదో తరగతి దాకానే చదివినా, నా దస్తూరీ చూసి మాస్టారు తన ఉత్తరాలు కూడా నాచేత రాయించేవారు. తర్వాత కుట్టుపనిలో పడి ఈ పేటలో సగం మందికి పెళ్లిబట్టలు కుట్టాను. మా వీధికి తొలి కుళాయి, తొలి దీపస్తంభం నా చెప్పులు అరిగితే వచ్చినవే. భూకంపం తర్వాత ఇళ్ల కమిటీకి పెద్దగా కూర్చోబెట్టిందీ నన్నే. గొప్పలు చెప్పుకుంటున్నాడని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, చేసినవే కదా చెబుతున్నాను. అయినా ఈ కథలో పెద్దపీట వదినదే.

మా అన్నయ్యది సైకిళ్ల రిపేరు కొట్టు. ఆయన పోయాక వదినను మా ఇంటికి వచ్చేయమన్నాను.

"మీ ఇంట్లో కూర్చుని నీ భార్య వంటకు వంకలు పెట్టే బదులు, నా టీకి నువ్వే వంకలు పెట్టు మరిదీ" అంది. ఆ వారంలోనే సైకిల్ కొట్టు టీకొట్టయింది. గ్రీజు వాసన పోవడానికి కొన్నాళ్లు పట్టింది కానీ, గిరాకీ మాత్రం మొదటి రోజే వచ్చింది.

వదిన చెల్లెలు కూడా మా వీధి కోడలే, మూడో ఇల్లు. ఆమె మొగుడు బస్సు డ్రైవరు. నాకు వరసకు మరదలు కనుక నన్ను వదలకుండా ఆటపట్టించేది. నడివయసులో ఆమెకు చూపు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. నోరు మాత్రం తగ్గలేదు. అప్పట్లో మా ఇళ్లన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు కలిసి ఉండేవి. రోజూ పొద్దున వదిన స్టవ్ వెలిగించి, గాజుగ్లాసు మీద చెంచాతో టింగుమని కొట్టేది. మరదలు గోడ మీద చెయ్యి వేసుకుని బయల్దేరేది. గరుకుగా తగిలితే తన ఇల్లు, చల్లగా నున్నగా తగిలితే కాంపౌండరు ఇంటి పలకలు, ఆ తర్వాత చెక్కతలుపు తగిలితే టీకొట్టు. వచ్చి గ్లాసులు కడిగేది, అడుగుల చప్పుడును బట్టి గిరాకీలను పేరుపెట్టి పలకరించేది. టీ మరిగిందో లేదో వాసన చూసి తనే చెప్పేది.

ఎవరైనా జాలిపడి చెయ్యి పట్టుకోబోతే విదిలించేసేది. "పట్టుకుని మోసుకెళ్లడానికి నేనేమన్నా మూటనా?" అనేది.

భూమి కదిలిన రోజు ఆ కలిసి ఉన్న ఇళ్లే ఒకదాన్నొకటి లాక్కుని కూలిపోయాయి. ద్వారబంధం అడ్డుపడి మరదలు బతికింది. మట్టి తోడడానికి ఏమీ దొరక్క, వదిన టీగిన్నెతోనే తోడి బయటికి లాగింది. ఆ సొట్టగిన్నెలోనే మర్నాడు మూడురాళ్ల మీద టీ కాచి, శిథిలాలు తీస్తున్నవాళ్లకు పోసింది.

బడి మైదానంలో గుడారాల్లో ఉండగా సముద్రాల అవతలినుంచి సాయం వచ్చింది. వాళ్ల ఇంజనీరమ్మ పెద్ద పెద్ద బూట్లు వేసుకుని, జుట్టులో పెన్సిలు దోపుకుని తిరిగేది. ఆమె మాట మాకు, మా మాట ఆమెకు చెప్పడానికి వెంట ఒక అమ్మాయి ఉండేది. ఇంజనీరమ్మ మంచిది. చిక్కల్లా మాతోనే. ఇంటికొచ్చిన మనిషి తెచ్చినదానికి వంక పెట్టడం మా వీధిలో లేదు. ఆమె మొదట పొడి సూపు పొట్లాలు తెచ్చింది. నోట్లో పెట్టుకుంటే సబ్బునురగే. ఎలా ఉందని అడిగితే అందరం "చాలా బాగుందమ్మా" అన్నాం. మరుసటి వారం లారీ నిండా అవే దిగాయి.

ఇళ్ల నమూనా బొమ్మ చూపించినప్పుడూ అదే మాట అన్నాం. నిజానికి నమూనా బాగానే ఉంది. మళ్లీ భూమి కదిలితే ఒక ఇల్లు ఇంకో ఇంటిని పడగొట్టకుండా, ఇంటికీ ఇంటికీ మధ్య బాగా సందు వదిలారు.

ఇంజనీరమ్మ వెళ్లాక వదిన బొమ్మను తిరగేసి మరగేసి చూసి, "మరి మా చెల్లి చెయ్యి ఎక్కడ వేస్తుంది?" అంది.

"ఆ సంగతి ఇంజనీరమ్మ ముందు ఎత్తకు తల్లీ" అన్నాడు కమిటీలోని వడ్రంగి. "మనసు కష్టపెట్టుకుని వెళ్లిపోతే, గుడారాల్లోనే మన మనవల పెళ్లిళ్లు చెయ్యాలి."

నేనూ నచ్చజెప్పాను. వదిన నా వంక అదోలా చూసింది. "సరే మరిదీ. ఆమె వచ్చినరోజు నేను నోరు తెరిస్తే అడుగు."

ముందుగా వీధి మొదట్లో మూడు ఇళ్లు లేచాయి: ముందుగదిలో టీకొట్టుతో వదినది, కాంపౌండరుది, మరదలిది. అవి చూసి అందరూ సరేనంటే మిగతావి మొదలవుతాయి. ఇంజనీరమ్మ వచ్చింది. మేం ఉతికిన చొక్కాలతో వరసగా నిలబడ్డాం. ఎలా ఉన్నాయని అడిగించింది. బాగున్నాయన్నాం.

వదిన ఒక్క మాటా మాట్లాడలేదు. టీ వడగట్టి, ఇంజనీరమ్మకు ఒక గ్లాసు ఇచ్చి, ఇంకో గ్లాసు మీద చెంచాతో టింగుమని కొట్టింది.

మూడో ఇంటి గడపలోంచి మరదలు దిగింది. గోడ మీద చెయ్యి వేసుకుని నాలుగడుగులు వేసింది. గోడ అయిపోయింది. చెయ్యి గాలిలో వెతికింది, అటూ ఇటూ ఆడింది. ఇంకో అడుగు వేయబోయి వెనక్కి తీసుకుని, అక్కడే ఆగిపోయింది. ఆ చెయ్యి అలాగే చాచి ఉంది. మా వరసలో ఎవరూ తలెత్తలేదు.

ఇంజనీరమ్మ గ్లాసు కింద పెట్టి ఆమె దగ్గరికి వెళ్లింది. ఏమైందని మాట అందించే అమ్మాయి అడిగింది.

"ఇక్కడిదాకా ఇల్లుందమ్మా" అంది మరదలు. "ఇక్కడితో నా ఊరు అయిపోయింది."

ఇంజనీరమ్మ మావైపు తిరిగింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగించింది. వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. "అంత దూరంనుంచి వచ్చారు కదమ్మా. బాగాలేదని ఎలా అంటాం?"

ఆమె ఇంకేదో అడిగింది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ చెప్పింది: "అయితే ఆ సూపు కూడానా అంటున్నారు."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేం నేల చూపులు చూశాం.

"సబ్బుకన్నా కాస్త నయం" అంది మరదలు. ఇంజనీరమ్మ నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది.

గోడలు కలపడం కుదరదని మాత్రం ఖచ్చితంగా చెప్పింది. అప్పుడు నేను ముందుకొచ్చి, కూలిన ఇళ్ల వాసాలతో, ఇంటినుంచి ఇంటికి చెయ్యి ఆనించుకుని నడిచేలా, నడుమెత్తున కటకటా వేద్దామన్నాను. ఇళ్లకు తగలకుండా దాని గుంజల మీదే అది నిలబడుతుంది. మెళ్లో టేపు ఎలాగూ ఉంది, మరదలి నడుమెత్తు కొలిచిందీ నేనే. ఆ ఆలోచన తనదేననీ, కూలిన వాసాల వైపు కళ్లతో సైగ చేశాననీ వదిన ఇప్పటికీ అంటుంది. చేసే ఉండవచ్చు. నోటితో చెప్పింది మాత్రం నేను. ఇంజనీరమ్మకు అది నచ్చి, మిగతా ఇళ్ల బొమ్మల్లోనూ గీయించింది. వీధి పొడవునా వడ్రంగే దాన్ని వేశాడు.

"అంతా ఒకేలా నున్నగా ఉంటే ఎవరి ఇల్లు ఎక్కడో నాకెలా తెలుస్తుంది?" అని మరదలు పేచీ పెట్టింది. దాంతో ఎవరి ఇంటి ముందు వాళ్లు ఒక గుర్తు పెట్టారు. కాంపౌండరు సీసామూతలు కొట్టాడు, వడ్రంగి ఉలితో గాట్లు పెట్టాడు. నేను గళ్లగుడ్డ చుట్టి చేత్తో కుట్టాను.

ఇప్పుడు వీధిలో మోకాళ్ల నొప్పులవాళ్లంతా ఆ కటకటా పట్టుకునే నడుస్తున్నారు, నాతో సహా. ఇవాళ పొద్దున కూడా గ్లాసు టింగుమంది. నేను టీకొట్టు బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. మరదలు సీసామూతలు తడుముకుంటూ వచ్చి గ్లాసుల తొట్టి దగ్గర కూర్చుంది.

"నిన్న మీ ఇంటి దాకా నడిచొచ్చాను బావా. నీ కుట్టు ఊడిపోతోంది" అంది.

"వయసైపోయింది పాపం" అంది వదిన. "గుడ్డకు."

ఆ కుట్టు మళ్లీ వేయాలి.