బెంచీ మీద గోడవైపు చోటు

మా మాజీ కౌన్సిలర్‌కి గాలి సోకిందని వీధంతా గుప్పుమంది. ఇరవై ఎనిమిదేళ్లు మా వార్డుకి పనిచేసి దిగిపోయిన మనిషి, రోజూ పొద్దున్నే వార్డు ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చుని, పక్కన లేని మనిషితో మాట్లాడుతున్నాడట. సన్మానం వద్దన్నది కూడా ఆయన కాదట, ఆయన్ని పట్టిన దెయ్యమట. ఇంకొందరేమో సన్మానానికి చేయించిన ఇత్తడి పలక మీద అక్షరాలు చిన్నవయ్యాయని అలిగాడన్నారు. దెయ్యమూ కాదు, అలకా కాదు. మా కిటికీ ఆ ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నేను చదివింది ఐదో తరగతే గానీ నా కళ్లు మాత్రం బాగా చదువుకున్నాయి. చూసిందీ విన్నదీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆయన్ని వెనకాల అందరం "ఇప్పుడే" అనుకునేవాళ్లం. ఎవరు ఏ పని మీద వచ్చినా "ఇప్పుడే పదండి" అంటూ లేచేవాడు మరి. ఒకసారి పాలాయన ఇంట్లోకి మురుగు పొంగిందని పరిగెత్తుకొస్తే, గడ్డం గీసుకుంటున్నవాడు అలాగే బయల్దేరాడు. ఒక చెంప నున్నగా, రెండో చెంప సబ్బు నురగతో వెళ్లి ఇంజనీరు ముందు నిలబడ్డాడు.

"ఆ రెండో చెంప సంగతి చూసుకొచ్చాక మాట్లాడుకుందామండీ" అన్నాడట ఇంజనీరు.

"మీరు మనుషుల్ని పంపాకే చూసుకుంటానండీ" అన్నాడట ఈయన.

గంటలో మనుషులు దిగారు. ఆయన భార్య నాకు మరదలి వరస. "మీ తమ్ముడికి వేడన్నం ఎలా ఉంటుందో తెలీదు వదినా. కంచం ముందు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు తలుపు కొడతారు" అని నవ్వుతూనే మొత్తుకునేది.

అందుకే, ఇత్తడి పలక మీద ఏం చెక్కిద్దామని సన్మాన కమిటీ వాళ్లు తలలు గోక్కుంటుంటే నేనే అందించాను: "ఏ ఒక్కరితోనూ రేపు రమ్మని అనని మనిషి." భేష్ అన్నారంతా. చెక్కించేశారు. ఆదివారం సభ. బుధవారం నాడు పలక చూపిద్దామని ఆయన్ని పిలిచాం. కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాడు. తర్వాత పలకని బోర్లా పెట్టి, "సభకి నేను రాను" అని వెళ్లిపోయాడు.

కమిటీకి పెద్ద మా వీధి మందుల షాపాయన. ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. "అందర్నీ పిలిచేశాం పెద్దమ్మా! ఇప్పుడా కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలి, నన్నా?"

"నువ్వు కూర్చుంటే ఆ ఇత్తడి కూడా నల్లబడుతుంది గానీ, ఆదివారంలోగా సంగతేంటో నేను కనుక్కుంటా, ఆగు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే చీపురు పట్టుకుని, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడుస్తూ ఆయన్ని కనిపెట్టి చూశాను. ఆయన బెంచీకి ఒక చివర కూర్చున్నాడు. గోడవైపు చోటు ఖాళీ. ఎవరో కాయితాలు పట్టుకొచ్చిన మనిషి అక్కడ కూర్చోబోతే, "అక్కడొద్దు బాబూ, ఇటు రండి" అని తన చోటిచ్చి నిలబడ్డాడు. ఆ మనిషి లోపలికి వెళ్లాక, ఖాళీ చోటు వైపు వంగి మెల్లగా అన్నాడు:

"ఇప్పుడే, పదమ్మా."

అంటూ ఆయన లేవగానే, నేనూ చీపురు పడేసి వెనకాలే నడిచాను. ఆయన, పక్కన మోకాళ్ల నొప్పుల మనిషెవరో నడుస్తున్నట్టు, నాలుగడుగులకోసారి ఆగుతూ వెళ్లాడు. వీధి చివర కిందికి దిగే మెట్లున్నాయి. అక్కడ పట్టుకుని దిగడానికి వేసిన ఇనప కమ్మీని జేబురుమాలుతో తుడుచుకుంటూ కిందిదాకా దిగాడు.

ఆ కమ్మీ చూడగానే నాకు ఇస్త్రీ ఆమె గుర్తొచ్చింది.

ఆయన కౌన్సిలర్ అయిన మొదటి ఏడు. అప్పుడు ఆ మెట్లకి కమ్మీ లేదు. నలభై మెట్లు. సగందాకా పక్కన గోడ ఉంటుంది, మలుపు దగ్గర ఆగిపోతుంది. ఆమె మోకాళ్ల నొప్పులతోనే కింది వీధి నుంచి ఇస్త్రీ బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఎక్కేది. వరసగా పదకొండు రోజులు వచ్చి, ఆ బెంచీ మీద గోడవైపు, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఊరుకుంటానా? అడిగాను.

"ఒక చెయ్యి మూటకి, ఒక చెయ్యి గోడకమ్మా. గోడ అయిపోయిన చోట దేన్ని పట్టుకోను? ఓ కమ్మీ వేయించమని అడుగుదామని."

"ఏమన్నాడు మరి?"

"రేపు రమ్మన్నారు."

"నిన్నా అదేగా అన్నాడు!"

"ఆయనకి ఎన్ని పనులుంటాయో ఏంటో. మంచాయనేనమ్మా. రమ్మన్నారుగా, వస్తాను."

పన్నెండో రోజు వాన. మలుపు దగ్గర జారి పడింది. మేం వెళ్లేసరికే ప్రాణం పోయింది. బట్టలు ఇవ్వడానికి వస్తూ పడిపోయింది పాపం అనుకున్నారంతా. మూడో రోజుకల్లా కమ్మీ వచ్చింది. ఆయన "ఇప్పుడే" అయింది ఆ తర్వాతే. ఇదంతా కళ్లారా చూసినదాన్ని, ఇరవై ఏడేళ్లు తిరిగేసరికి మర్చిపోయి ఆ వాక్యం అందించాను. ఎవరింట్లో ఏ పూట ఏం కూరో గుర్తుంటుంది గానీ ఇది గుర్తులేకపోయింది.

ఒక్కటి మాత్రం ఇప్పుడు మళ్లీ గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె పక్కన మూట లేదు. మెట్ల మీద ఒక్క బట్టయినా లేదు. అంత వానలో ఇస్త్రీ బట్టలు ఎవరు మోస్తారు? మరి వట్టి చేతులతో ఆ మెట్లెందుకు ఎక్కినట్టు?

శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. "మీరైనా అడగండి వదినా, మూడ్రోజులుగా మెతుకు ముట్టడం లేదు" అని మరదలు నాకూ ఆయనకీ టీ ఇచ్చి లోపలికి వెళ్లింది.

"ఏం తమ్ముడూ, అక్షరాలు మరీ చిన్నవయ్యాయా?" అన్నాను.

నవ్వలేదు.

"నీకు దెయ్యం పట్టిందంటున్నారు బయట."

"అననీ అక్కా."

"ఆ వాక్యం నేనే చెప్పాను. బుద్ధి గడ్డి తింది. తీసేయిస్తాలే. రేపు..." అని నాలిక కరుచుకున్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. ఇంక దాచుకోలేక అడిగేశాను. "నిజం చెప్పు. ఆ రోజు ఆమె దగ్గర మూట లేదు. ఎక్కడికి బయల్దేరింది?"

ఆయన లేచి, లోపలికి వినబడకుండా తలుపు దగ్గరికి వేశాడు.

"నా దగ్గరికేనక్కా. ముందు రోజు విసుగొచ్చి, 'రేపు మూట లేకుండా రా, నీతో వచ్చి ఆ మెట్లు చూస్తాను' అన్నాను. పొద్దున్నే వాన పట్టింది. ఇంత వానలో ఏం వస్తుందిలే అని నేను ఇంట్లో కూర్చున్నాను. ఆ వాక్యం కొట్టించెయ్. 'ఒకామెని రేపు రమ్మన్నాడు, ఆమె వచ్చింది' అని చెక్కించు. అప్పుడొచ్చి ఆ పలక పక్కన కూర్చుంటాను."