లంకలో దొరకని పద్నాలుగు ఇళ్లు

గ్రామ సచివాలయంలో సర్వేయరుగా చేరిన నాలుగో ఏడు, ఎండాకాలంలో, ఐ.పోలవరం వైపు ఒక లంక గ్రామం పని నాకు అప్పగించారు. ఊరి పేరు ఇక్కడ రాయను. గోదావరి పాయ మధ్యలో ఉంటుంది. పడవ దిగితే కొబ్బరి తోటలు, వాటి నడుమ ఒక సిమెంటు రోడ్డు, చర్చి, అంగన్‌వాడీ, చుట్టూ ఇళ్లు. నా చేతిలో హౌస్ లిస్టు ఉంది. ఏ నంబరు ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో చెప్పే జాబితా అది. అందులోని ప్రతి ఇంటినీ కళ్లతో చూసి, పటంలో దాని చోటు గుర్తించాలి.

జాబితాలో నలభై ఒక్క ఇళ్లు ఉన్నాయి. రేవులో నిలబడి చూస్తే అన్ని ఉన్నట్టు అనిపించలేదు.

ఊరు తిప్పి చూపించింది ఇస్సాకు మాస్టారు. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు, చర్చిలో సంఘపెద్ద. ఎంతో మర్యాదగా మాట్లాడేవారు గానీ, నన్ను ఎవరితోనూ మాట్లాడనివ్వలేదు. నేను ఎవరిని అడిగినా జవాబు ఆయన దగ్గర్నుంచే వచ్చేది. మేం దగ్గరికి వెళ్లేసరికి అరుగుల మీద కూర్చున్నవాళ్లు మాటలు ఆపేసేవారు. ఒకావిడైతే నన్ను చూసి బిందె అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం తొమ్మిదో నంబరు ఇల్లు చూపించారు. తలుపుకి తాళం వేసి ఉంది.

"ఇంటావిడ ఎక్కడికెళ్లేరండి?" అన్నాను.

"కూలికెళ్లేరమ్మా. సాయంత్రం గాని రారు."

గుమ్మం పక్కన నీలం రంగుతో 1-9 అని రాసి ఉంది. తాకి చూస్తే వేలికి రంగు అంటుకుంది. దాని కింద, సున్నం పూత వెనకాల, పాత అంకె లీలగా కనిపించింది: 1-26. ఇరవై ఆరో ఇంటిని ఆ పొద్దున్నే నాకు పెరటి వైపు నుంచి చూపించారు. మాస్టారు నా వేలి వంక చూసి, గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. అదేమిటని నేను అడగలేదు.

ఒకటి నుంచి పద్నాలుగు దాకా చూపించిన గుమ్మాలన్నిటి మీదా అదే ఆరని రంగు. తిరుగు పడవ కోసం కూర్చున్నప్పుడు మండలంలోని మా పైఅధికారికి ఫోన్లో రాసి పంపాను: "ఒకటి నుంచి పద్నాలుగు వరకు ఇళ్లు లేవు. బోగస్ పేర్లు." పెద్ద మోసం పట్టుకున్నానని నాకు లోపల గర్వంగానే ఉంది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మొదటి పడవకే వెళ్లాను. ఈసారి రోవర్ తీసుకెళ్లాను. కర్రకి బిగించిన పరికరం అది, ఉపగ్రహాల సాయంతో మనం నిలబడ్డ చోటు ఖచ్చితంగా చెబుతుంది. పాత పటంలో ఒకటో నంబరు ఇల్లు ఉన్న చోటికి దారి చూపమని పెట్టాను. తోట దాటించింది, ఒడ్డుకి తీసుకొచ్చింది, ఇంకా ముందుకే వెళ్లమంది. ముందు గోదావరి తప్ప ఏమీ లేదు. పాదాల కింద ఒడ్డు నిట్టనిలువునా కోసుకుపోయి ఉంది, కొబ్బరి వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి.

కాస్త అవతల గిన్నెలు తోముకుంటున్న సుందరమ్మ అనే ఆవిడ నన్ను చాలాసేపు అనుమానంగా చూసింది. ఎవరి ఇల్లు వెతుకుతున్నావని అడిగింది. నంబరు చెప్పాను.

"అది మాదేనండి," అని నీళ్ల వంక చూపించింది. "అదిగో, ఆ సుడి తిరుగుతోందే, అక్కడ మా వంటిల్లు."

పద్నాలుగు ఇళ్లూ అలాగే పోయాయి, వరదకి కొన్ని చొప్పున. మనుషులు మాత్రం ఉన్నారు. లంక వెనకవైపు నది కొత్తగా వేసిన ఇసుక మేట మీద తాటాకు పాకల్లో ఉంటున్నారు. ఆ మేట మా రికార్డుల్లో భూమే కాదు, నది. సుందరమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్లింది. జాబితా పట్టుకుని పాక పాకకీ తిరిగి పేర్లు పిలిచాను. అందరూ పలికారు. మూడో నంబరు పిలిస్తే, కబురు తెలిసి పరుగున వచ్చిన మాస్టారు పలికారు.

ఎందుకిలా చేశారని అడిగాను. ఇల్లు లేకపోతే జాబితాలో పేరూ ఉండదని ఇదివరకు వచ్చిన ఒక ఉద్యోగి చెప్పారట. పేర్లు పోతే అంగన్‌వాడీ, పడవ అన్నీ ఒక్కొక్కటే పోతాయని వాళ్ల భయం.

"మీరొస్తన్నారని తెలిసి నేనే రాశానమ్మా అంకెలు," అన్నారు మాస్టారు. "పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పినోణ్ణి."

ఆ సాయంత్రమే ఉన్నదున్నట్టు నివేదిక రాశాను. నది ఎంత లోపలికి వచ్చిందో కొలిచి పటం జతచేశాను. కానీ అప్పటికే నా ముందురోజు సందేశాన్ని ఆఫీసులో అచ్చు తీసి ఫైలు పైన పెట్టేశారు. తనిఖీకి వచ్చినవాళ్లందరూ ముందు ఆ కాగితం చదివి, తరవాతే మనుషుల్ని చూశారు. భార్యాభర్తల్ని విడివిడిగా నిలబెట్టి ప్రశ్నలడిగారు. పాత ఇంటికి గుమ్మం ఏ దిక్కున ఉండేదని అడిగారు. ఆధార్ కార్డులు తిప్పితిప్పి చూశారు. రెండోసారి తనిఖీకి వచ్చినప్పుడు బల్ల మీదున్న ఫైలు మాస్టారి కంటపడింది.

"బోగస్ అని ఉందమ్మా ఇందులో. అంటే మేమేనా?"

"నేనే రాశానండి," అన్నాను.

ఆయ్, అని తలూపారాయన. ఆ తరవాత కూడా ఎదురుపడితే నమస్కారం పెట్టేవారు. మొదటి రోజులా పడవ దాకా సాగనంపడానికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఇంకో వరదకాలం గడిచాక తాత్కాలిక నంబర్లు వచ్చాయి, పదమూడు ఇళ్లకి. పద్నాలుగో కుటుంబం ఈ విచారణలతో విసిగిపోయి, రొయ్యల చెరువుల మీద పనికని ఎటో వెళ్లిపోయింది. వాళ్లని వెతకడానికి రెండు మండలాల్లో అడిగాను. ఆచూకీ తెలియలేదు.

అనుమానించడం మా పనిలో భాగమే. పచ్చి రంగు చూసి అనుమానించకపోతే నేను సర్వేయరునే కాదు. కానీ చూసినదాని పక్కనే, నాకు తెలియనిదాన్ని కూడా తీర్పులా రాసేశాను. ఇప్పుడు ఇల్లు కనబడకపోతే "ఇల్లు కనబడలేదు" అని మాత్రమే రాసి ఆగుతాను. ఆ వెళ్లిపోయిన కుటుంబంలో నలుగురు. వాళ్లు ఇప్పుడు ఏ ఊరి లెక్కలో ఉన్నారో, అసలు ఏ లెక్కలోనైనా ఉన్నారో లేదో, నాకు తెలియదు.