రాజమౌళి సారూ, డెడ్‌లైనూ

రాజమౌళి సారు చెవిన ఇంగ్లిష్ మాట పడకూడదు. పడిందా, దాని తాతముత్తాతలను పిలుచుకొచ్చి మన ముందు కూర్చోబెడతారు.

బడి నుంచి ఆయన రిటైరై ఆరేళ్లయింది. పాఠం మాత్రం రిటైరు కాలేదు. ఓసారి టీలో బిస్కెట్ ముంచి, "బిస్కెట్ అంటే రెండుసార్లు కాల్చింది అని" అంటూ మొదలుపెట్టారు. లాటిన్ పూర్తయ్యేసరికి బిస్కెట్ టీలో కలిసిపోయింది. మరోసారి బస్టాపులో నిలబడి, "బస్ అంటే అందరి కోసం అని" అంటూ కండక్టరుకు వివరిస్తుంటే, ఆ అందరినీ ఎక్కించుకుని బస్సు వెళ్లిపోయింది.

మడికొండ వార్డు ఆఫీసులో దరఖాస్తులు తీసుకునే యమునకు ఆయన్ని చూస్తేనే గుండెల్లో రాయి పడుతుంది. ఇళ్ల స్థలాల దరఖాస్తుకు ఆఖరి రోజు, ఐదుకు ఐదు నిమిషాలుందనగా, లైన్లో చివరి మనిషిగా సారు నిలబడ్డారు. ఐదులోపు లైన్లో ఉన్నవాళ్ల పని అయ్యేదాకా కిటికీ మూయకూడదని రూలు.

"జల్ది ఇయ్యుండ్రి సార్. ఇయ్యాల డెడ్‌లైన్."

అనేశాక నాలుక కరుచుకుంది.

"డెడ్‌లైన్ అంటే ఏందో ఎరుకనా బిడ్డా?"

"తెల్వకున్నా బతుకుత సార్."

"అమెరికా అంతర్యుద్ధంల జైలు చుట్టూ ఓ గీత ఉండె. ఖైదీ అది దాటిండంటే కాల్చుడే. తర్వాత పత్రికలోళ్లు ఆ మాటను గడువుకు వాడుకున్నరు. ఇప్పుడు ఆ గీత మీరు గీస్తాండ్రు."

"నేనెవరిని కాల్చిన సార్?"

"రోడ్లు ఊడ్సేటోళ్లు డ్యూటీ దిగేదీ ఐదుకే, మీరు కిటికీ మూసేదీ ఐదుకే. తుపాకీ ఎందుకిగ?"

లోపలి నుంచి పెద్ద గుమాస్తా రాంప్రసాద్ కేకేశాడు. "యమునా, షట్టర్ దించు."

"సారు ఫారం ఇస్తలేరు సార్."

సారు ఆ గీత ఎంత దూరాన ఉండేదో చెబుతుండగా, ఐదూ ఇరవైకి, బక్కమ్మ చీపురుతోనే ఉరికొచ్చింది. మడికొండ రోడ్లు ఊడ్చే మనిషి. పాతికేళ్లుగా కిరాయి గదే. సారు పాఠాన్ని అక్కడే ఆపి పక్కకు జరిగారు.

"నా జాగల ఈమెది తీస్కో."

"మరి మీ ఫారం?"

సారు కాగితం తిప్పి చూపారు. తెల్లగా ఉంది. "నాకు ఇల్లున్నది గద."

"సారు మాట్లాడతాండంటే నాకేం ఫికర్?" అంది బక్కమ్మ, చెమట తుడుచుకుంటూ.

యమున స్టాంపు వేస్తూ ఆగిపోయింది. రేషన్ కార్డుల ఆఖరి రోజూ ఇంతే, పింఛన్ల ఆఖరి రోజూ ఇంతే. సారు పాఠం చెప్పిన ప్రతిసారీ వెనక ఎవరో పరుగెత్తుకొచ్చారు. తనేమో ఇంటికెళ్లేదాకా ఆయన్ని తిట్టుకుంది.

"ఒడిసిందా?" రాంప్రసాద్ మళ్లీ అరిచాడు.

షట్టర్ మీద చెయ్యి వేసిన యమునకు గేటు బయట ఆటో దిగుతున్న ముసలామె కనిపించింది. చేతిలో ఫారం.

"లేదు సార్, సారు ఇంకా లైన్లనే ఉన్నరు."

యమున షట్టర్ మీంచి చెయ్యి తీసేసి కిటికీలోంచి ముందుకు వంగింది.

"సార్, కౌంటర్ అన్న మాట యాడికెల్లి వచ్చింది? జర నిమ్మలంగ చెప్పుండ్రి."