మల్సున్ గదిలో వెచ్చని మూల

మా గోడకవతలి మల్సున్ నోరు మంచిది కాదు. యోంజు ఊళ్ళో మా వీధి వీధికంతా ఆ సంగతి తెలుసు. ఆ నోటికి జంకని మనిషి ఒక్కతే, ఆమె ఆడపడుచు ఒక్‌నం. మొగుళ్ళు పోయాక ఇద్దరూ నలభై ఏళ్ళు ఒకే గదిలో పోట్లాడుకుంటూ బతికారు. నేల కింద బొగ్గుపొయ్యి వేడి ముందుగా తగిలే మూల, వయసులో పెద్దది కాబట్టి ఒక్‌నంది. తలుపు వైపు చల్లటి నేల మల్సున్‌ది. చలికాలమంతా దాని మీదే సణుగుడు.

నిరుడు వానల్లో ఒక్‌నం జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమె ఆస్పత్రిలో ఉండగానే మల్సున్ పొయ్యి తీయించేసింది. ఆ పొగకి వదిన మళ్ళీ దగ్గుతుందట. నేల కింద వేడినీళ్ళ గొట్టాలు వేయించి, అప్పుడు ఇంటికి తెచ్చుకుంటుందట.

గొట్టాలు పరిచే బాంగ్ గ్యుసిక్ వచ్చాడు.

“రాగివైతే గబుక్కున వేడెక్కుతాయి మామ్మగారూ. కానీ అతుకులెక్కువ. ఒక్కటి కారినా సిమెంటు పగలగొట్టాలి. ప్లాస్టిక్‌ది నిదానం, కానీ చుట్ట మొత్తం ఒకే ముక్క.”

“ప్లాస్టిక్‌దే వెయ్యి. నాకేమన్నా రైలుకి టైమైపోతోందా?”

అతను జానెడు ఎడంతో పరవడం మొదలెట్టాడు. మల్సున్ ఆపింది.

“ఆ మూల బెత్తెడు ఎడంతో వెయ్యి.”

“అంత దగ్గరగా వంచితే గొట్టం నలిగిపోద్దండీ. అయినా ఎందుకూ? జానెడైతే గదంతా ఒకే వెచ్చదనం.”

“అంతా ఒకేలా ఉంటే మా వదినకి పెద్దరికమేముంటుంది? పోయి ఆ వాకిట్లో కూర్చోమంటావా ఆవిణ్ణి?”

“చుట్ట ఒకటే మామ్మగారూ. అక్కడ ఒత్తుగా వేస్తే తలుపు వైపు చాలదు. మీ కాళ్ళు గడ్డకడతాయి.”

“కట్టనీ. ఇన్నేళ్ళూ కట్టలేదేంటి?”

చివరికి అరజానెడు దగ్గర బేరం తెగింది. ఆ మూల గొట్టాలు ఒత్తుగా, తలుపు వైపు పలచగా, ఇనప జాలీకి తీగలతో కట్టేశాడు. గుమ్మంలోంచి చూస్తున్న నాకు నవ్వొచ్చింది. ఏ మూల మీద నలభై ఏళ్ళు ఏడ్చిందో ఆ మూలని దగ్గరుండి కట్టిస్తోంది.

మర్నాడు సిమెంటు పోయాలి. పొద్దున్నే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. ఒక్‌నం నిద్రలోనే పోయింది.

కర్మలన్నీ అయ్యాక బాంగ్ మళ్ళీ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“మామ్మగారూ, ఇంకా సిమెంటు పోయలేదు. ఎలా ఉంచమంటారు?”

మల్సున్ ఆ మూలకేసి చూసింది.

“విప్పెయ్. అంతా సమానంగా వెయ్యి. ఒక్క ఆ మూలే వేడిగా ఉంటే నేనింక దాన్నే చూస్తూ కూర్చోవాలి.”

అతను తీగలు విప్పి, గొట్టాలు జానెడు ఎడంతో సర్దాడు. మంచి పనే అనుకున్నాను. ముసలిదానికి కాళ్ళన్నా వెచ్చగా ఉంటాయి కదా.

పగలు బాగా కురచైపోయిన రోజుల్లో, ఎర్రబీన్స్ జావ గిన్నెతో వాళ్ళింటికెళ్ళాను. గుమ్మం దాటగానే అరికాళ్ళకి వెచ్చగా తగిలింది. మావైపు ఎవరొచ్చినా, పోట్లాటలో ఉన్నవాళ్ళయినా సరే, చెయ్యి పట్టి లాగి వెచ్చని మూలలో కూర్చోబెడతాం. ఆ తర్వాతే ఏ మాటైనా. మల్సున్ కూడా నేను కూర్చోడానికని దిండు తీసుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగింది. కిటికీ వైపు చూసింది, అలమర వైపు చూసింది.

“ఎక్కడైనా పర్లేదక్కా,” అన్నాను. “గదంతా వెచ్చగానే ఉందిగా.”

“అదేనే,” అంది. “నిన్నెక్కడ కూర్చోమనాలో తెలీట్లేదు.”

వదిన శవం ముందు కంట తడి పెట్టని మనిషి, ఆ దిండు అలాగే పట్టుకుని గది మధ్యలో నిలబడి ఏడ్చింది.