స్టెల్లా మూడో ప్రశ్న

తాడేపల్లిగూడెంలో సత్యనారాయణమూర్తి గారి రైసుమిల్లు గేటు ముందు పాపమ్మ అట్ల బండి పెట్టి పందొమ్మిదేళ్ళయింది. ఈ పందొమ్మిదేళ్ళలో మూర్తిగారితో మాటకు మాట నిలబడి నెగ్గిన మనిషిని ఆవిడ ఒక్కర్నే చూసింది. అదీ ఆడమనిషిని. అదీ ఆయన కారు తోలే డ్రైవర్ని.

ఆ రోజు కారు ఎడమ తలుపు మీద గేటు ఊచ గీసుకుపోయి జానెడు గీత పడింది. తోలుతున్నది స్టెల్లాయే. కాదని ఆమె అనలేదు. మూర్తిగారు మెట్ల మీద నిలబడి, హమాలీలందరికీ వినబడేటట్టు, "ఈ నెల జీతంలో మూడు వేలు కోస్తున్నానమ్మా. రంగు వేయించాలి కదా," అన్నారు.

"కోయండి. కాకపోతే ముందు ఇన్సూరెన్సు వాళ్ళని అడగండి. ఏటేటా కడుతున్నారు కదండీ," అంది స్టెల్లా.

"క్లెయిము చేస్తే వచ్చే ఏడాది తగ్గించే బోనస్సు పోతుంది. నీకేం తెలుసు?"

"ఒకటి తెలుసండి. ఈ కారు మీరు హైదరాబాదులో సెకండ్ హ్యాండ్ కొన్నారు. గూడెం వచ్చి రెండేళ్ళు దాటింది, నంబరు మాత్రం ఇంకా అక్కడిదే. ఆ నంబరుకి ఇన్సూరెన్సు పెద్ద సిటీ రేటండి. మన ఊళ్ళకి తక్కువ. అక్కడి ట్రాఫిక్కు రేటు కడుతున్నారు, తిరిగేది పిప్పర రోడ్డు మీద. గేదెలు తప్ప ఎదురొచ్చేదేముందండీ అక్కడ?"

హమాలీలు బస్తాల చాటున నవ్వుకున్నారు.

"నంబరు మార్పిస్తే ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. తెలుసా అదీ?"

"అక్కడ కట్టినదాంట్లో కొంత వెనక్కి అడగొచ్చండి, కాయితాలు పెడితే. మీరు పెట్టలేదు. ఏడాది దాటితే ఇక్కడి నంబరు తీసుకోవాలి కదండీ. గుండుగొలను దగ్గర బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు ఆపినప్పుడల్లా 'నిన్ననే పెళ్ళికొచ్చాం సార్' అని చెబుతున్నది నేను. రెండేళ్ళుగా ఒకటే పెళ్ళండి! ఆ అబద్ధాలకి నేను వేరే జీతం అడిగానా?"

బియ్యం ధరలు ఒంటిచేత్తో పైకీ కిందకీ ఆడించగల మూర్తిగారు, చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి లోపలికి నడిచారు. వాకిట్లోంచే వెనక్కి తిరిగి, "పాపమ్మా, ఈవిడకో పెసరట్టు వెయ్యి, డబ్బులు నేనిస్తాను," అన్నారు. జీతం కోత మాట మళ్ళీ ఎత్తలేదు.

పాపమ్మ ఆ పెసరట్టులో అల్లం రెండింతలు వేసింది.

స్టెల్లాది గుండుగొలను. తండ్రి హెన్రీ మిషను ఆసుపత్రి జీపు తోలేవాడు. కూతురు పదహారో ఏటే ఆ జీపుని బురదలోంచి వెనక్కి తీయడం నేర్చుకుంది. ఇప్పుడు ఆమెకు నలభై రెండు. పదకొండేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ కార్లు తోలుతోంది. పగలు మిల్లు కారు, ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరు పిలిస్తే వాళ్ళ కారు. కొల్లేటి లంకల్లోంచి రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఏలూరు వెళ్ళే రోగులు స్టెల్లా వస్తేనే ఎక్కుతామని పేచీ పెడతారు. గుంట వస్తే ఆమె కారు ఆపినంత పని చేస్తుంది మరి.

"మొగుణ్ణి తెచ్చుకోవే అంటే కారు తెచ్చుకుంటానంటావు," అనేది పాపమ్మ.

"కారుకి ఏడాదికోసారి ఇన్సూరెన్సు కడితే చాలండి పిన్నిగారూ."

ఆ కారు మాట ఉత్తుత్తి మాట కాదు. పదకొండేళ్ళు చీటీలు కట్టి ముందు కట్టాల్సిన సొమ్ము పోగేసింది. బ్యాంకువాళ్ళు లోనుకి ఒప్పుకున్నారు. సొంత కారు, తనే ఓనరు, తనే డ్రైవరు. ఒక్కసారి కొనగలదు. తప్పు కొంటే రెండోసారికి వయసూ లేదు, డబ్బూ లేదు.

కొనేముందు స్టెల్లా ఒక పని పెట్టుకుంది. కారున్న ప్రతివాణ్ణీ మూడు ప్రశ్నలు అడిగేది. కారు ఎంతకి కొన్నారండీ? రోడ్డు ఎక్కించడానికి ఎంతయిందండీ? గుద్దినప్పుడు ఇన్సూరెన్సు నుంచి చేతికి ఎంతొచ్చిందండీ?

మొదటి రెండూ అందరూ గర్వంగా చెప్పేవారు. మూడోది వినగానే చాలామందికి పనులు గుర్తొచ్చేవి.

ఇక్కడే పాపమ్మ వేలు పెట్టింది. "పిచ్చిదానా, ఇక్కడెందుకు కడతావే అంత ట్యాక్సు? యానాం ఉంది కదా! పాండిచ్చేరి వాళ్ళది. అక్కడ ట్యాక్సు తక్కువ. మా చెల్లెలు నూకరత్నం ఇల్లు అక్కడే. దాని ఇంటి అడ్రసు పెట్టుకో, అరవై వేలు మిగుల్తాయి. గణపవరం తాతాజీగారి కారుకి నేను పెట్టించిందే ఆ అడ్రసు. ఎంత సంతోషించాడో!"

చెరువులు లీజుకి తీసుకుని చేపలు పెంచే తాతాజీ పదేళ్ళుగా పాపమ్మ అట్లు తింటున్నాడు. అంత పెద్ద రైతుకి తాను దారి చూపించానని ఆవిడ చెప్పని మనిషి లేడు. రెండో తరగతిలో బడి మానేసిన మనిషి కలెక్టరులా సలహాలు ఇస్తుంటే వినేవాళ్ళకీ సరదాగానే ఉండేది.

స్టెల్లా మెత్తబడింది. అరవై వేలంటే మాటలు కాదు. "మరి పసుపు బోర్డు?" అంది. కిరాయికి తిప్పే కారుకి పసుపు బోర్డు, పర్మిట్టు ఉండాలి. దానికి ఇన్సూరెన్సూ ఎక్కువే.

"తెల్ల బోర్డు మీద ఎంతమంది తిప్పట్లేదే? నువ్వొక్కదానివే హరిశ్చంద్రుడి చెల్లెలివా?"

గురువారం యానాం వెళ్ళడానికి మాట అయింది. నూకరత్నానికి ఫోను చేశారు. కానీ స్టెల్లా స్టెల్లాయే కదా. "ముందు తాతాజీగారిని మూడు ప్రశ్నలూ అడుగుదామండీ," అంది. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ గణపవరం బస్సెక్కారు.

తాతాజీ చెరువు గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్నాడు. "రండి పాపమ్మగారూ!" అని పాక కింద కుర్చీలు వేయించాడు. కారు కూడా ఆ పాక పక్కనే ఉంది. పట్టా కప్పి, తాళ్ళతో కట్టి ఉంది. పట్టా మీద ఒక నీరుకాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

మొదటి రెండు ప్రశ్నలకూ హుషారుగా చెప్పాడు. మూడోదానికి పట్టా వైపు చూశాడు.

"ఏం రాలేదమ్మా. కిందటేడు పొగమంచులో పంట కాలువలోకి దిగిపోయింది. ఇంజనులోకి నీళ్ళు. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చాడు, ఫోటోలు తీసుకెళ్ళాడు. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఏలూరు ఆఫీసుకెళ్తే, 'కాయితాలు పంపమని ఉత్తరం రాశాం, పదిహేను రోజులు గడువిచ్చాం, మీరు పలకలేదు, ఫైలు మూసేశాం' అన్నారు. ఉత్తరం యానాం అడ్రసుకి వేశారంట. పాలసీలో ఉన్న ఫోను నంబరు అక్కడ రిజిస్ట్రేషను చేయించిన బ్రోకరుది. వాడా నంబరు ఎప్పుడో మార్చేశాడు. ఎనిమిది నెలలైంది. నాకైతే ఏ ఉత్తరమూ అందలేదు. వచ్చుంటే పాపమ్మగారి చెల్లెలు పంపేవారే కదా. ఏం చేస్తాం, మన టైము బాలేదు."

పాపమ్మ చేతిలో మజ్జిగ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

నిజానికి ఆ ఉత్తరం వచ్చింది. పొడుగాటి కవరు, మీద నీలం ముద్ర. పాపమ్మ మనవరాలి ఓణీల ఫంక్షనుకి వచ్చినప్పుడు నూకరత్నం తెచ్చిచ్చింది. "అక్కా, మీ తాతాజీగారి పేరున వచ్చిందంట," అంది. పాపమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. కానీ రోజూ పొద్దున్నే పేపరు చేత్తో పట్టుకుని, "చూశారా, ధరలు ఎలా మండిపోతున్నాయో," అని నలుగురికీ చెప్పే మనిషి, ఒక కవరు పట్టుకుని ఎవరి ముందు నిలబడుతుంది? కంపెనీవాళ్ళు పండక్కి పంపే శుభాకాంక్షలు కాబోలని తేల్చేసింది. తాతాజీ వచ్చినప్పుడు ఇద్దాంలే అని చిల్లర డబ్బా అడుగున పెట్టింది. ఆ తర్వాత అతను గూడెం రావడమే తగ్గించేశాడు. కారు లేదు కదా.

బస్సులో వస్తుంటే స్టెల్లా కిటికీ వైపు చూస్తూ లెక్క కట్టుకుంటోంది. "పాపం, ఆయన టైము బాలేదండి. పోస్టులో పోయుంటుంది. అంతమాత్రాన అడ్రసు తప్పెలా అవుతుంది? నేనైతే ఫోను నంబరు నాదే ఇస్తాను. వెళ్దామండీ గురువారం."

పాపమ్మ "ఊఁ" అంది. పిప్పర వచ్చింది, వెళ్ళింది.

సోమవారం పోయింది. మంగళవారం అట్లు మాడాయి. "పాపమ్మ చేతిలో అట్టు మాడడం ఏవిటండీ!" అని హమాలీలు ఆశ్చర్యపోయారు. ఆవిడ వాళ్ళ మీద అరిచింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కవరు పొయ్యిలో వేస్తే ఒక నిమిషం పని. పోస్టువాళ్ళు ఎక్కడో పారేశారు, అంతే. కానీ ఆ తప్పు పోస్టువాళ్ళదే అనుకుని ఈ పిల్ల పదకొండేళ్ళ చీటీలు తీసుకెళ్ళి యానాంలో పోస్తుంది. రేపు ఈ పిల్ల కారు ఏ కాలువలోనో దిగితే, ఆ ఉత్తరం కూడా నూకరత్నం చేతికే వస్తుంది, నూకరత్నం మళ్ళీ అక్క దగ్గరికే తెస్తుంది.

బుధవారం పొద్దున స్టెల్లా టీకి వచ్చింది. పాపమ్మ పెనం మీద నీళ్ళు చల్లి, డబ్బా బోర్లించింది. చిల్లరంతా దొర్లిపోయింది. అడుగున కవరు, నూనె మరకతో.

"ఇదిగో. పోస్టులో పోలేదు. నా దగ్గరే ఉంది."

స్టెల్లా కవరు చూసింది, పేరు చూసింది, తేదీ ముద్ర చూసింది. "విప్పలేదేంటండీ?"

"విప్పితే చదవాలి కదే." పాపమ్మ గరిటె మీదనుంచి కళ్ళు ఎత్తలేదు. "నాకు సంతకం వచ్చు. అంతకుమించి రాదు. పేపరు ఊరికే పట్టుకుంటాను. ఇప్పుడు నవ్వు."

స్టెల్లా నవ్వలేదు. కవరు విప్పి చదువుకుంది. చాలా సేపు పట్టింది, రెండుసార్లు చదివినట్టుంది.

"పోస్టుమేను బాగానే ఇచ్చాడండి పిన్నిగారూ. అక్కడ తాతాజీగారే లేరు," అంది చివరికి. తర్వాత ఫోను తీసి, నూకరత్నానికి గురువారం రావట్లేదని చెప్పేసింది.

"అరవై వేలు పోతాయే," అంది పాపమ్మ, అలవాటు కొద్దీ.

"పోనివ్వండి. నా వెనక సీట్లో కూర్చునేది రక్తం శుద్ధికి వెళ్ళే మనుషులు. వాళ్ళకేదైనా అయిన రోజు కంపెనీ నాకోసం ఎక్కడ వెతకాలండీ? గుండుగొలనులో వెతకాలి. ఏలూరులోనే రిజిస్ట్రేషను, పసుపు బోర్డే."

ఆ మాట మీద ఆరు వారాలు గడిచాయి. ఆరు వారాల్లో లోను వచ్చింది, షోరూము వాళ్ళు రెండుసార్లు రంగు మార్చి ఒకసారి తేదీ మార్చారు, స్టెల్లా ఒక్కసారి ఏడిచింది. సాటి మనుషుల ముందు కాదులెండి. మూర్తిగారు కూడా ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు నుంచి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ కాయితం తెప్పించుకుని, ఇక్కడి నంబరు వేయించుకున్నారు. కొత్త ఇన్సూరెన్సు కాయితం చూసుకుని, "నేనెప్పట్నుంచో అనుకుంటున్నాను," అన్నారట. అనుకునే ఉంటారు పాపం.

శుక్రవారం పొద్దున పసుపు బోర్డు కారు మిల్లు గేటు ముందు ఆగింది. పాపమ్మ చుట్టూ తిరిగి చూసింది. తలుపు తట్టి చూసింది. "రేకు పల్చగా ఉంది," అంది. కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. పొయ్యి పొగ అని కొంగుతో ఒత్తుకుంది.

స్టెల్లా ముందు తలుపు తీసి పట్టుకుంది.

"పొయ్యి ఆర్పేయండి పిన్నిగారూ. ఏలూరు వెళ్ళాలి."

"ఏలూరులో నాకేం పనే?"

"ఉత్తరం తాతాజీగారికి ఇచ్చేశానండి. ఒకరి దగ్గర ఉండిపోయిందని చెప్పాను, పేరు చెప్పలేదు. ఆయన దాన్ని పట్టుకుని ఇన్సూరెన్సు ఆఫీసుకెళ్ళారు. అక్కడి మేనేజరు గారు, ఉత్తరం ఎవరి దగ్గర ఆగిపోయిందో ఆ మనిషి వచ్చి చెప్పి, రాసిచ్చి సంతకం పెడితే ఫైలు మళ్ళీ పైకి పంపుతానన్నారు. డబ్బిస్తానని కాదు, పంపుతానని. తాతాజీగారు పదకొండింటికి అక్కడ ఉంటారు."

పాపమ్మ గరిటె కడిగింది. మళ్ళీ కడిగింది.

"నువ్వు చెప్పలేవా? నీకు నోరుందిగా. మూర్తిగారినే మాట్లాడనివ్వలేదు."

"నా దగ్గర ఉంటే నేనే చెప్పేదాన్నండి. రాయడం నేను రాస్తాను, చదివి వినిపిస్తాను, కింద సంతకం మీరు పెడుదురు గాని. కానీ తాతాజీగారి మొహం చూసి, 'బాబూ, నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, చదువు రాక దాచేశాను,' అని మాత్రం మీరే చెప్పండి. పందొమ్మిదేళ్ళుగా మీ నోరు ఊళ్ళో అందరి మీదా పడింది కదండీ. ఈ ఒక్కసారి మీ మీద పడనివ్వండి. రండి, ముందు సీట్లో కూర్చోండి."