చంద్రమ్మ గొంతు

దగ్గినా, నవ్వినా, బరువెత్తినా మూత్రం పడిపోయే బాధ చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది. ఎవరూ బయటికి చెప్పరు. ఫిజియోథెరపిస్టు ప్రేమలత శంషాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, అలాంటివారికి ఆరు వారాల వ్యాయామ తరగతి మొదలుపెట్టింది. బోర్డు చదివినవాళ్లు తల తిప్పుకుని వెళ్లిపోయేవారు. మొదటి జట్టులో ముగ్గురే చేరారు. వారిలో ఒకరు చంద్రమ్మ, ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని ఆమెది.

తరగతులు అయిపోయిన వారానికి చంద్రమ్మ వాట్సాప్‌లో తన గొంతు రికార్డు చేసి పంపింది.

"డాక్టరమ్మా, ఇగ డ్యూటీల మాటిమాటికి బాత్రూంకు ఉరుకుతలేను. గట్టిగ దగ్గితే జర పడుతది గని, మునుపటి భయం లేదు."

ప్రేమలత ఆనందంతో నాలుగుసార్లు విన్నది. దగ్గు సంగతి కత్తిరించి, పేరు లేదు కదా అనుకుని, మిగతాది స్టేటస్‌లో పెట్టేసింది. అది చుట్టుపక్కల ఆడవాళ్ల గ్రూపుల్లోకి పాకింది. రెండు రోజుల్లో తొమ్మిది మంది చేరతామని ఫోన్ చేశారు.

మూడో రోజు డ్యూటీ బట్టల్లోనే చంద్రమ్మ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నాతోని పనిచేసేటోళ్లు గొంతు గుర్తువట్టిన్రు. నవ్విన్రు. నేను నీకు చెప్పిన బిడ్డా, ఊరికి చెప్పలే."

"తప్పయింది అక్కా. నిన్ను అడగకుండ పెట్టిన."

"గదొక్కటే గాదు. సగమే పెట్టినవ్. మొత్తం నయమైందని నేనన్ననా?"

ప్రేమలత ఆమె ఎదుటే తన ఫోన్‌లోని రికార్డు తీసేసింది. గ్రూపులవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెరిపెయ్యమని బతిమాలింది. చేరతామన్న తొమ్మిది మందికీ జరిగింది దాచకుండా చెప్పింది. చివరికి వచ్చింది ఐదుగురు.

మొదటి రోజే వాళ్లకు మాటిచ్చింది. "మీ సంగతి బయట పెట్టొచ్చా అని కోర్సు అయిపోయినంకనే అడుగుత. వద్దంటే వద్దు. ఇయ్యాల సరే అని, రేపు మనసు మారినా తీసేస్త."

ఆరు వారాల తర్వాత ఒప్పుకున్నది జల్‌పల్లి లింగమ్మ ఒక్కతే. ప్రేమలత కరపత్రం కోసం రాసినది చదివి వినిపిస్తే ఆమె అడ్డుపడింది.

"'అద్భుతం' అని నేనెప్పుడన్న? బస్సుల బుద్వేల్ దాక భయం లేకుంట పోతున్న అని రాయి. తుమ్మితే ఇంకా ఇబ్బందే, గది గూడ రాయి. పేరొద్దు."

అలాగే అచ్చు వేయించింది. ఈసారి ఫోన్లు నెమ్మదిగా వచ్చాయి. కానీ చేరినవాళ్లలో ఒక్కరూ మధ్యలో మానలేదు.

ఒక మధ్యాహ్నం చంద్రమ్మ మళ్లీ వచ్చింది, వెంట ఇంకో ఆమెతో.

"నన్ను చూసి నవ్వినోళ్లల్ల ఈమె ఒకతె," అంది చంద్రమ్మ. "ఈమెకూ నా బాధనే అంట. నేనే తోలుకొచ్చిన. జర మంచిగ చూడు బిడ్డా."

ఈసారి చంద్రమ్మ కూర్చుంది.